పొగ మానిన తరువాత నికోటిన్ ఎన్నాళ్ళు ఒంటిలో ఉంటుంది?

పల్నాడు జిల్లా రాజుపాలెం నుండి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం మా ముందున్నది. ఆమె అనుమతితో, పేరు వెల్లడించకుండా, అందులోని ముఖ్య భాగాన్ని ఇక్కడ ఇస్తున్నాము.

"మావారు ఉపాధ్యాయులు. వయస్సు 54. ఇరవై ఆరేళ్ళుగా రోజుకు పదీ పన్నెండు సిగరెట్లు త్రాగేవారు. హెర్నియా ఆపరేషన్‌కు ముందు కనీసం నెల రోజులు పొగ మానాలని డాక్టరు గారు గట్టిగా చెప్పిన రోజే సిగరెట్ పెట్టె పారవేశారు. ఇరవై ఒకటవ నాడు మూత్రపరీక్ష చేయిస్తే పొగాకు ఆనవాలు ఉన్నట్లు వచ్చింది. ఆయన దేవుని పటం ముందు నిలబడి ఒక్క సిగరెట్టు కూడా ముట్టలేదని ప్రమాణం చేస్తున్నారు. నేను చొక్కా జేబులు వెదుకుతున్నాను. పిల్లలు మా ఇద్దరి ముఖాల వంకా చూడడం మానేశారు. పొగ మానిన మూడు వారాలకు కూడా ఆ విషం ఒంటిలో ఉంటుందా? లేక మావారు అబద్ధం చెబుతున్నారా?"

రాజుపాలెం గుంటూరు నుండి సత్తెనపల్లి మీదుగా పిడుగురాళ్ళకు వెళ్ళే దారిలో ఉన్నది. మిరప, ప్రత్తి పండే నేల. పొగాకు కూడా ఆ సీమకు పాత చుట్టమే. గుంటూరు జిల్లాలో విదేశీ రకపు పొగాకు సాగును వృద్ధి చేయడానికి ఒక కంపెనీ 1912లోనే వెలిసింది. 1976లో ఏర్పడిన పొగాకు బోర్డుకు ప్రధాన కార్యాలయం కూడా గుంటూరే. కనుక చుట్ట, బీడీ, సిగరెట్ మానడం గురించి అక్కడి ఇళ్ళలో జరిగే మాటలు ఈనాటివి కావు. మూత్రం పరీక్షించి భర్త మాట నిజమో కాదో తేల్చుకోవలసి రావడం మాత్రం క్రొత్త.

ఈ సోదరి ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానం చెప్పడం కష్టం. ఏ పదార్థం కొరకు వెదికారు, శరీరంలో దేనిలో వెదికారు, ఎంత సూక్ష్మంగా వెదికారు అనే మూడు విషయాలను బట్టి సమాధానం మారుతుంది. ఒకే మనిషి ఒకే రోజున ఒక పరీక్షలో ఉత్తీర్ణుడై మరొక పరీక్షలో తప్పవచ్చు.

రెండు గంటల అతిథి

1560 ప్రాంతంలో పోర్చుగల్‌లో ఫ్రెంచి రాయబారిగా ఉన్న జాఁ నికో అనే ఆయన పొగాకును తన దేశపు రాజకుటుంబానికి పంపాడు. ఆయన పేరు మీదనే ఆ మొక్కలోని మత్తు పదార్థానికి నికోటిన్ అనే మాట స్థిరపడింది. 1828లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో పోసెల్ట్, రైమన్ అనే ఇద్దరు ఆ పదార్థాన్ని శుద్ధ రూపంలో వేరు చేశారు.

పొగను గుండె నిండా పీల్చినప్పుడు నికోటిన్ ఊపిరితిత్తుల నుండి మెదడుకు చేరడానికి పది నుండి ఇరవై సెకన్లు చాలు. సూదిమందు కన్న ఇది వేగం. అలవాటు అంత గట్టిగా పట్టుకోవడానికి ఈ వేగమే ఒక ముఖ్య కారణం. వచ్చినంత త్వరగానే అది వెళ్ళిపోతుంది కూడా. రక్తంలోని నికోటిన్ సుమారు రెండు గంటలకొకసారి సగానికి తగ్గుతుంది. ఇలా సగానికి తగ్గే కాలాన్ని శాస్త్రజ్ఞులు అర్ధాయువు అంటారు. రాత్రి పది గంటలకు చివరి సిగరెట్ త్రాగిన వాని రక్తంలో తెల్లవారి పది గంటలకు మిగిలేది అరవై నాలుగవ వంతు. లేవగానే మొదటి సిగరెట్ కొరకు చేయి వెదుక్కోవడానికి కారణం ఇదే.

ఈ కారణం చేతనే పరీక్షలు చేసేవారు నికోటిన్‌ను అంతగా నమ్ముకోరు. ఒకటి రెండు రోజులలో మాయమయ్యే దానిని పట్టుకోవడం ఎలా? వారు వెదికేది దాని సంతానాన్ని. శరీరంలోకి వచ్చిన నికోటిన్‌లో నూటికి డెబ్బై నుండి ఎనభై వంతులను కాలేయం కోటినిన్ అనే పదార్థంగా మారుస్తుంది. నికోటిన్ అనే ఆంగ్ల పదంలోని అక్షరాలనే అటూ ఇటూ మార్చి ఈ పేరు కూర్చారు. కోటినిన్ మత్తు కలిగించదు, చేయి చాచమనదు. నిదానంగా, పదహారు నుండి ఇరవై గంటలకొకసారి సగమవుతూ పోతుంది. "పొగాకు పరీక్ష" అని మన లేబరేటరీలలో చేసేది సాధారణంగా ఈ కోటినిన్ పరీక్షే.

కల్లంలోని రాశి

సగం చొప్పున తగ్గడం అంటే ఏమిటో పల్నాటి రైతు కళ్ళతో చూద్దాం. కల్లంలో 256 బస్తాల మిరపకాయలు ఉన్నాయనుకోండి. వచ్చిన ప్రతి లారీ అప్పటికి ఉన్నదానిలో సగమే ఎత్తుకుపోతుంది. మొదటి లారీకి 128 మిగులుతాయి, రెండవదానికి 64, మూడవదానికి 32. ఎనిమిదవ లారీ వెళ్ళేసరికి ఒక్క బస్తా. మొదట్లో రాశి ఎంత వేగంగా తరుగుతుందో, చివరలో అంత మెల్లగా తరుగుతున్నట్లు కనిపిస్తుంది.

రోజూ పొగత్రాగే వాని రక్తంలో ఒక మిల్లీలీటరుకు 250 నుండి 300 నానోగ్రాముల వరకు కోటినిన్ ఉండడం సామాన్యం. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లవ వంతు. పద్ధెనిమిది గంటలకొక లారీ వచ్చిందనుకుంటే, మూడు రోజులకు పదహారవ వంతు, ఆరు రోజులకు 256వ వంతు మిగులుతుంది. అంటే వారం తిరిగేసరికి రక్తంలో ఒకటి రెండు నానోగ్రాములకు మించి ఉండకూడదు.

మూత్రంలో సంగతి కొంచెం వేరు. రక్తంలో కన్న మూత్రంలో కోటినిన్ అనేక రెట్లు చిక్కగా ఉంటుంది, కనుక మరి కొన్ని రోజులు దొరుకుతుంది. మందుల దుకాణాలలో దొరికే పట్టీ పరీక్షలు సాధారణంగా మిల్లీలీటరుకు 200 నానోగ్రాములు దాటితేనే గీత చూపుతాయి. అటువంటి పట్టీ మీద ఒక మోస్తరు అలవాటు గలవాని ఆనవాలు మూడు నాలుగు రోజులలో పోవచ్చు. పెద్ద లేబరేటరీ యంత్రం రెండు మూడు నానోగ్రాములను కూడా పట్టుకుంటుంది. దాని కంటికి వారం, పది రోజులు, చాలా ఎక్కువగా త్రాగినవారైతే రెండు వారాల వరకు కనిపించవచ్చు. లాలాజలంలో సుమారు రక్తంలో ఉన్నంత కాలమే.

వెంట్రుక కథ వేరు. రక్తంలో ఉన్నప్పుడు వెంట్రుక కుదురులోకి చేరిన నికోటిన్ ఆ వెంట్రుకతో పాటే పెరుగుతుంది. తల వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది గనుక మూడు సెంటీమీటర్ల వెంట్రుక మూడు నెలల చరిత్ర చెబుతుంది. క్షవరం చేయించుకుంటే ఆ చరిత్ర కత్తిరింపబడుతుంది. ఈ పరీక్ష ఖరీదైనది, మామూలు ఆస్పత్రులలో చేయరు. ఎవరో "నికోటిన్ మూడు నెలలు ఒంటిలో ఉంటుందట" అంటే ఈ వెంట్రుక మాటే చిలవలు పలవలుగా పెరిగి వచ్చిందని గ్రహించండి.

అందరికీ ఒకే లెక్క కాదు. నికోటిన్‌ను మార్చే కాలేయపు ఎంజైము కొందరిలో పుట్టుకతోనే చురుకు, కొందరిలో మందం. స్త్రీలలో పురుషుల కన్న కొంత వేగం. గర్భిణులలో మరీ వేగం, వారిలో కోటినిన్ అర్ధాయువు సుమారు తొమ్మిది గంటలే. వృద్ధులలో, మూత్రపిండాల జబ్బు ఉన్నవారిలో ఆలస్యం. అయినా ఏ లెక్కన చూసినా, మూత్రపిండాలు ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఇరవై ఒక్క రోజులు చాలా ఎక్కువ. అన్ని రోజులలో ఆ లారీ ఇరవై ఎనిమిది సార్లు వచ్చి ఉండాలి.

అంటే రాజుపాలెం ఉపాధ్యాయుని ఒంటిలోకి నికోటిన్ ఇటీవలే ప్రవేశించింది. ఎక్కడి నుండి?

వంకాయ, పక్కవాని పొగ, పచ్చి ఆకు

వంకాయ, టమాటా, బంగాళాదుంప పొగాకు కుటుంబపు మొక్కలే. వాటిలోనూ నికోటిన్ లేశమాత్రంగా ఉన్నది. ఇది విని "వంకాయ కూర తిన్నందుకే పరీక్షలో అలా వచ్చింది" అని తప్పించుకునే వారున్నారు. 1993లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం వంకాయలో గ్రాముకు సుమారు వంద నానోగ్రాముల నికోటిన్ ఉంటుంది. ఒక్క సిగరెట్ నుండి ఒంటికి పట్టేది సుమారు ఒక మిల్లీగ్రాము. ఆ ఒక్క మిల్లీగ్రాము వంకాయల ద్వారా రావాలంటే పది కిలోలు తినాలి. గుత్తివంకాయ మీద ఎంత ప్రేమ ఉన్నా ఇది ఎవరి వల్లా కాదు.

పక్కవాని పొగ మాట కొంత నిజమే. ఇంట్లో పెద్దలు పొగత్రాగితే పసిపిల్లల మూత్రంలోనూ కోటినిన్ కనిపిస్తుంది. దీనిని తల్లిదండ్రులు ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. బిడ్డ ఒక్క సిగరెట్ ముట్టకుండానే పొగాకు పన్ను కడుతున్నది. పాలిచ్చే తల్లి పొగత్రాగితే నికోటిన్ చనుబాలలోకి కూడా వస్తుంది. అయితే పక్కవాని పొగ పీల్చినవారి రక్తంలో కోటినిన్ సాధారణంగా పది నానోగ్రాముల లోపే ఉంటుంది. టీ అంగడి బల్ల మీద స్నేహితుల పొగలో అరగంట కూర్చున్నందుకు పట్టీ మీద గీత పడదు.

మూడవది, పొగాకు పండే ప్రాంతాల వారు తప్పక తెలుసుకోవలసినది. పచ్చి పొగాకు కోసేటప్పుడు, మంచుతో గాని వర్షంతో గాని తడిసిన ఆకుల నుండి నికోటిన్ చర్మం గుండా ఒంటిలోకి ఇంకుతుంది. వాంతులు, తలత్రిప్పు, తలనొప్పి, నీరసం కలుగుతాయి. దీనిని పచ్చి పొగాకు జబ్బు అంటారు. గుజరాత్‌లోని పొగాకు కూలీల మూత్రంలో నికోటిన్, కోటినిన్ ఉన్నట్లు అహ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ వారు నిరూపించారు. జీవితంలో బీడీ ముట్టని ఆడకూలీ కూడా పరీక్షలో "పొగరాయుడు" అనిపించుకోవచ్చునన్న మాట. కోతకు పోయేవారు చేతులకు తొడుగులు వేసుకోవడం, తడిసిన బట్టలను వెంటనే మార్చి సబ్బుతో ఒళ్ళు కడుక్కోవడం అవసరం. మన ఉపాధ్యాయునికి పొగాకు చేను లేదు.

మిగిలినవి రెండే దారులు. ఆయన చాటుగా పొగత్రాగుతూ గాని, ఖైనీ, గుట్కా వంటివి నములుతూ గాని ఉండాలి. లేదా నికోటిన్ మందు రూపంలో లోపలికి పోతూ ఉండాలి. ఈ విషయాన్నే ఆ సోదరికి జవాబు వ్రాసి, జేబులు వెదకడం ఆపి ఒకే ఒక్క ప్రశ్న మెల్లగా అడగమన్నాము. "సిగరెట్ మానడానికి ఏమైనా వాడుతున్నారా?"

కళ్ళజోడు పెట్టె

పది రోజులకు రెండవ ఉత్తరం వచ్చింది. కళ్ళజోడు పెట్టెలో, తుడిచే గుడ్డ క్రింద, నికోటిన్ చూయింగ్ గమ్ పట్టీ ఒకటి ఉన్నదట. తోటి ఉపాధ్యాయుడు చెప్పగా నరసరావుపేటలో కొన్నారు. రోజుకు ఎనిమిది నమలుతున్నారు. ఇంట్లో ఎందుకు చెప్పలేదని అడిగితే ఆయన, "మందు నమిలి మానినవాడు మానినట్టా? మగవాడైతే ఒక్క మాట మీద మానాలి గదా అంటారని భయపడ్డాను" అన్నారట.

ఆ పరీక్ష నికోటిన్ సంగతి అడిగింది, నిజమే చెప్పింది. ఆయన సిగరెట్ సంగతి చెప్పారు, అదీ నిజమే.

ఈ సిగ్గు గురించి ఒక మాట. నికోటిన్ గమ్, చర్మం మీద అంటించే పట్టీ వంటివి ఔషధాలు. సిగరెట్‌లో ప్రాణం తీసేవి తారు, కార్బన్ మోనాక్సైడ్, కేన్సర్ కారకాలు. గమ్‌లో అవి లేవు. పట్టు తప్పించుకునే దాకా నికోటిన్‌ను చిన్న మోతాదులో అందించి, క్రమంగా తగ్గించడమే దాని పని. దానిని వాడినవారు మోసగాళ్ళు కారు, బలహీనులూ కారు. కాని డాక్టరుకు చెప్పకుండా వాడడం పొరపాటు. ముఖ్యంగా శస్త్రచికిత్స ముందు గమ్ కొనసాగించవచ్చునా లేదా అన్నది ఆ శస్త్రవైద్యుడే నిర్ణయించాలి. గుండె జబ్బులు ఉన్నవారు, గర్భిణులు కూడా సలహా లేకుండా వాడరాదు.

గమ్ నమలడంలోనూ పద్ధతి ఉన్నది. మామూలు చూయింగ్ గమ్ వలె ఆపకుండా నమిలితే నికోటిన్ కడుపులోకి పోయి ఎక్కిళ్ళు, వికారం వస్తాయి. నాలుగైదు సార్లు నెమ్మదిగా నమిలి, ఘాటు తగలగానే బుగ్గకు, చిగురుకు నడుమ నిలపాలి. ఘాటు తగ్గాక మరల నమలాలి. నమిలే ముందు పావుగంట, నమిలేటప్పుడు టీ, కాఫీ, పుల్లని రసాలు త్రాగితే మందు నోటిలో సరిగా ఇంకదు.

గమ్ వాడేవాడు పొగత్రాగడం లేదని నిరూపించుకునే మార్గాలు రెండున్నాయి. అనబసిన్ అనే పదార్థం పొగాకు ఆకులో ఉంటుంది గాని శుద్ధ నికోటిన్‌తో చేసిన గమ్‌లో ఉండదు. దాని కొరకు మూత్రాన్ని పరీక్షించవచ్చు. అంతకన్న సులభమైనది శ్వాసలో కార్బన్ మోనాక్సైడ్ కొలవడం. అది రక్తంలో నాలుగైదు గంటలకొకసారి సగమవుతుంది గనుక ఒక్క రోజు మానినా యంత్రం శుభ్రమని చెబుతుంది. అయితే రాజుపాలేనికి కూతవేటు దూరంలోని పిడుగురాళ్ళలో సున్నపు బట్టీల వద్ద పనిచేసే వారికి ఈ పరీక్ష అన్యాయం చేయగలదు. బట్టీ సెగలోనూ, గాలి ఆడని గదిలోని కట్టెల పొయ్యి పొగలోనూ అదే వాయువు ఉంటుంది. వారి విషయంలో పరీక్షకు ముందు పని వివరం అడగడం వైద్యుని విధి.

పోయిన నికోటిన్, పోని కోరిక

పాఠకులలో చాలామందికి కలిగే సందేహం మరొకటి. వారంలో అంతా కడిగివేయబడితే, నెల తరువాత కూడా కోరిక ఎందుకు పుడుతుంది?

ఏళ్ళ తరబడి పొగత్రాగిన వాని మెదడులో నికోటిన్‌ను అందుకునే గ్రాహకాలు సంఖ్యలో పెరిగిపోయి ఉంటాయి. నికోటిన్ పోయినా అవి వెంటనే తగ్గవు. మామూలు స్థితికి రావడానికి ఆరు నుండి పన్నెండు వారాలు పడుతుందని మెదడు చిత్రాలు తీసిన పరిశోధకులు చెప్పారు. చిరాకు, నిద్రలేమి, ఏకాగ్రత కుదరకపోవడం, ఆకలి పెరగడం మానిన మొదటి రోజునే మొదలై రెండు మూడు రోజులకు శిఖరానికి చేరి, మూడు నాలుగు వారాలలో సద్దుమణుగుతాయి. అంటే నికోటిన్ రక్తం నుండి దాదాపుగా ఖాళీ అయిన రోజే మనిషికి అత్యంత కష్టమైన రోజు. ఆ రోజున ఇంట్లోవారు "ఇంకేముంది, పోయింది గదా" అనడం కన్న, ఆ చిరాకును పట్టించుకోకుండా ఉండడం మేలు.

కేన్సర్ కారకాల జాడ నికోటిన్ కన్న మొండిది. పొగాకుకే ప్రత్యేకమైన ఒక కేన్సర్ కారకం శరీరంలో మారగా ఏర్పడే పదార్థం మానిన ఆరు నుండి పన్నెండు వారాల వరకు కూడా మూత్రంలో దొరుకుతుంది. పరీక్షలో తప్పించుకోవడం గురించి ఆలోచించేవారు ఈ సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

మరి "మూడు రోజులలో నికోటిన్ కడిగే" పానీయాల మాట? నిమ్మరసం, నీరు ఎంత త్రాగినా కోటినిన్ కాలం చెప్పుకోదగినంత తగ్గదు. నికోటిన్ క్షార గుణం గలది గనుక మూత్రం ఆమ్లంగా ఉన్నప్పుడు కొంచెం ఎక్కువగా పోతుంది. ఈ ఒక్క నిజాన్ని పట్టుకుని అల్లిన ప్రచారమది. అసలు నికోటిన్‌లో మారకుండా మూత్రం ద్వారా పోయేది నూటికి అయిదు నుండి పది వంతులే. మిగిలిన పని కాలేయానిది, దానిని తొందరపెట్టే కషాయం మాకు తెలిసినంతలో లేదు. ఆయుర్వేద పత్రికలో ఈ మాట చెప్పడం కొందరికి రుచించకపోవచ్చు. అయినా చెప్పక తప్పదు.

చరకుడు చెప్పిన పాదాంశిక క్రమం

చరక, సుశ్రుత, వాగ్భటుల గ్రంథాలలో పొగాకు లేదు, అది ఈ దేశానికి రానే లేదు గనుక. ఆ తరువాతి కాలపు యోగరత్నాకరంలో "తమాఖు" పేరుతో కనిపిస్తుంది. చరకసంహిత సూత్రస్థానం అయిదవ అధ్యాయంలో ధూమపానం ఉన్నది గదా అని చుట్టను సమర్థించేవారికి ఒక మనవి. అది సుగంధ మూలికలతో చేసిన వర్తి పొగ, నియమిత కాలాలలో మాత్రమే విధించిన చికిత్స. అకాలంలో, అతిగా త్రాగితే చెవుడు, గ్రుడ్డితనం, మూగతనం, రక్తపిత్తం, తలత్రిప్పు కలుగుతాయని ఆ అధ్యాయమే హెచ్చరించింది.

మనకు పనికివచ్చేది ఏడవ అధ్యాయం. అలవాటైన అహిత పదార్థాన్ని ఒక్కసారిగా కాక పాదం, అంటే నాలుగవ వంతు చొప్పున విడువమని, ఆ స్థానంలో హితమైనదానిని అదే క్రమంలో చేర్చమని, నడుమ ఒకటి, రెండు, మూడు రోజుల వ్యవధి ఇవ్వమని అక్కడ ఉన్నది. దీనినే పాదాంశిక క్రమం అంటారు. తీసివేసినంత ఖాళీని మంచిదానితో నింపమనడం ఇందులోని సూక్ష్మం.

అయితే సిగరెట్ల విషయంలో ఈ క్రమం ఎంతవరకు పనిచేస్తుంది? 2016లో ప్రచురింపబడిన ఒక ఆంగ్ల దేశపు పరిశోధనలో 697 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టును నిర్ణీత దినాన ఒక్కసారిగా, మరొక జట్టును రెండు వారాలలో క్రమంగా మానిపించారు. నాలుగు వారాల తరువాత ఒక్కసారిగా మానినవారిలో నూటికి 49 మంది, క్రమంగా మానినవారిలో 39 మంది నిలబడ్డారు. రెండు జట్లకూ నికోటిన్ మందులు ఇచ్చారు. దీనిని బట్టి మా అభిప్రాయం ఇది. సిగరెట్‌ను ఒక రోజు నిశ్చయించుకుని పూర్తిగా మానవలెను. పాదాంశిక క్రమాన్ని గమ్ తగ్గించడానికి వాడుకొనవలెను. సిగరెట్లు లెక్కపెట్టుకుంటూ తగ్గించేవాడు మిగిలిన రెంటి కొరకు రోజంతా ఎదురుచూస్తూ ఉంటాడు.

వంటింటి సాయం

కోరిక వచ్చినప్పుడు దాని ఉధృతం మూడు నుండి అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాలు నోటికి, చేతికి పని కల్పించడమే వంటింటి వస్తువుల ప్రయోజనం. శొంఠి కొమ్మును చిన్న ముక్కలు చేసి, నిమ్మరసంలో కొద్దిగా సైంధవ లవణం కలిపి నానబెట్టి, నీడన ఎండించి సీసాలో ఉంచుకొనవలెను. కోరిక పుట్టినప్పుడు ఒక ముక్క బుగ్గన పెట్టుకొనవలెను. దోరగా వేయించిన వాము, సోంపు సమభాగాలుగా కలిపినదీ ఇలాగే పనికివస్తుంది. లవంగం, ఏలకి కూడా మంచివే. వక్కపొడి, పాన్‌మసాలా జోలికి పోరాదు, అవి వేరొక ఊబి.

మానిన మొదటి వారాలలో మలబద్ధకం సామాన్యం. రాత్రి పడుకునే ముందు అరచెంచా త్రిఫలా చూర్ణం గోరువెచ్చని నీటితో తీసుకోవచ్చు. పొగ మానాక దగ్గు పెరిగితే బెదరిపోనక్కరలేదు. ఊపిరి గొట్టాలలో మందగించిన సన్నని నూగు మరల కదలి కఫాన్ని బయటకు నెడుతున్నదని అర్థం. తులసి, మిరియాల కషాయం ఉపశమనం ఇస్తుంది. అతిమధురం కూడా మంచిదే గాని రక్తపోటు ఉన్నవారు వాడరాదు. దగ్గులో రక్తం పడినా, మూడు వారాలు దాటినా వైద్యునికి చూపించి తీరాలి.

చాలామందికి తెలియని ముచ్చట కాఫీది. పొగలోని తారు పదార్థాలు కాలేయాన్ని రెచ్చగొట్టి, కాఫీ, టీలలోని కెఫిన్‌ను త్వరగా తొలగింపజేస్తాయి. పొగ మానగానే ఆ రెచ్చగొట్టడం ఆగి, అదే మోతాదు కాఫీకి రక్తంలో కెఫిన్ సుమారు రెట్టింపవుతుంది. గుండెదడ, నిద్రపట్టకపోవడం, చేతుల వణుకు వస్తే నికోటిన్ లేకపోవడం వల్లనే అనుకుని మరల సిగరెట్ వెలిగించేవారున్నారు. మానిన రోజు నుండే కాఫీ, టీ సగానికి తగ్గించండి. పూట పూటకూ రెండు టీలు త్రాగే మన ప్రాంతాల వారికి ఇది మరీ ముఖ్యం. ఉబ్బసానికి థియోఫిలిన్ వాడేవారు పొగ మానినట్లు డాక్టరుకు చెప్పాలి, ఆ మందు మోతాదు కూడా ఇదే కారణం చేత తగ్గించవలసి రావచ్చు.

ఇంట్లో ఎవరూ తోడు లేనివారికి కేంద్ర ప్రభుత్వపు ఉచిత ఫోను సలహా కేంద్రం ఉన్నది. 1800112356 నంబరుకు చేస్తే ప్రాంతీయ భాషలలోనూ మాట్లాడతారు.

రాజుపాలెం సోదరి మూడవ ఉత్తరం ఈ మధ్యనే వచ్చింది. గమ్ సంగతి విన్న డాక్టరు గారు శ్వాస పరీక్ష చేసి, శుభ్రంగా ఉన్నదని చూసి, మరి రెండు వారాలు ఆగి ఆపరేషన్ చేశారట. గాయం బాగానే మానుతున్నదట. గమ్ ఎనిమిది నుండి ఆరు, ఆరు నుండి నాలుగయింది. ఇప్పుడు రెండు. గమ్ పట్టీ కళ్ళజోడు పెట్టెలో నుండి వంటింటి అలమరలో ఉప్పు జాడీ ప్రక్కకు వచ్చింది. రోజుకు ఎన్ని నమిలారో చిన్న కుమార్తె క్యాలెండరులో గళ్ళలో వ్రాస్తున్నదట.